డోలో నుంచి ట్రమడాల్ దాకా: గర్భిణులకు మెడికల్ షాపు నొప్పి గోలీల సమీక్ష

హన్మకొండ చౌరస్తాలోనో, వరంగల్ జేపీఎన్ రోడ్డులోనో, ఏదో ఒక మండల కేంద్రంలోనో మెడికల్ షాపు ముందు నిలబడి "అన్నా, నడుము నొప్పికి మంచి గోలీ ఒకటియ్యి" అని అడిగితే, చాలాసార్లు చేతికి వచ్చేది ఒట్టి పారాసిటమాల్ కాదు. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన గోలీ. "ఎవరికి?" అని అడిగే షాపులున్నాయి, అడగని షాపులూ ఉన్నాయి. వేసుకునేది ఆరో నెల గర్భిణి అయితే ఆ ఒక్క ప్రశ్న మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ సమీక్ష షాపుల గురించి కాదు, షాపులో దొరికే స్ట్రిప్పుల గురించి. ఒక్కోటి వెనక్కి తిప్పి చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. వెనకాల పారాసిటమాల్ అన్న ఒక్క పేరే ఉంటే పాస్. దాని పక్కన ఇంకో పేరు ఏదున్నా, కాన్పులు చూసే డాక్టర్ చీటీ లేకుండా ఫెయిల్. అయితే ఇది చదివి, డాక్టర్ ఆలోచించి రాసిన మందును ఎవరూ సొంతంగా ఆపొద్దు. అలా ఆపితే ప్రమాదమయ్యే మందులు కూడా ఈ వరుసలో ఉన్నాయి. అవి ఏవో కింద చెప్తాం.

పారాసిటమాల్: పాస్, కానీ లెక్క ఉంది

డోలో 650 అన్నా, కాల్‌పాల్ అన్నా, క్రోసిన్ అన్నా, పీహెచ్‌సీలో ఉచితంగా చేతిలో పెట్టే 500 గోలీ అన్నా మందు ఒకటే. తొమ్మిది నెలల్లో ఏ నెలలోనైనా నొప్పికీ జ్వరానికీ డాక్టర్లు మొదట రాసేది ఇదే. మారేది మోతాదు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదన్నది పైగీత. చాలామంది డాక్టర్లు 3 గ్రాముల దగ్గరే ఆపుతారు. కానీ మన పల్లెల్లో ఐదో నెలలో కూడా 45 కిలోలు దాటని ఆడవాళ్లు కొత్తేమీ కాదు. అలాంటివాళ్లకు బరువును బట్టి లెక్క కట్టాలి: కిలోకు ఒక్కసారికి 15 మి.గ్రా., రోజంతటికీ 60 మి.గ్రా. మించొద్దు. 45 కిలోల మనిషికి ఇది ఒక్కసారికి 675, రోజుకు 2,700 మి.గ్రా. అవుతుంది. అంటే డోలో 650 అయితే ఒకసారికి ఒకటే, కనీసం ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా. "నొప్పి బాగుంది, రెండు ఒకేసారి వేస్కో" అనేది ఈమెకు పనికిరాదు.

లెక్క తప్పేది ఎక్కువగా జలుబు దగ్గర. పొద్దున డోలో, మధ్యాహ్నం జలుబు గోలీ, రాత్రి మళ్లీ డోలో. చాలా జలుబు గోలీల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. పేరు వేరు కాబట్టి మందు వేరనుకుంటారు, భారం మాత్రం కాలేయం మీద పడుతుంది. పైగా ఆ గోలీల్లో ముక్కు దిబ్బడకు కలిపే ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి, బీపీ ఉన్న గర్భిణికి అది అసలే వద్దు.

2025 సెప్టెంబరులో అమెరికా నుంచి వచ్చిన వార్తతో చాలామంది భయపడ్డారు. గర్భంలో పారాసిటమాల్ వాడితే పిల్లలకు ఆటిజం వస్తుందేమోనన్నది ఆ వార్త. ఆ వెంటనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూరప్ మందుల ఏజెన్సీ రెండూ అలాంటి సంబంధం రుజువు కాలేదనే చెప్పాయి. 2024లో అచ్చయిన స్వీడన్ అధ్యయనం దాదాపు 25 లక్షల మంది పిల్లల రికార్డులు చూసింది. ఒకే తల్లి పిల్లల్లో, గర్భంలో ఉండగా ఈ మందు పడిన బిడ్డనూ పడని బిడ్డనూ పోల్చినప్పుడు తేడా కనిపించలేదు. కాబట్టి అవసరమైతే, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడొచ్చన్న పాత సలహాయే ఇప్పటికీ చెల్లుతుంది. ఇంకో సంగతి: మొదటి మూడు నెలల్లో 102, 103 జ్వరాన్ని గోలీ లేకుండా ఓర్చుకోవడం బిడ్డకు మేలు కాదు. తొలివారాల్లో ఒళ్లు విపరీతంగా కాగితే వెన్ను, మెదడు ఏర్పడటంలో లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్: అసలు ప్రమాదం ఇక్కడే

జీరోడాల్-పీ వెనకాల చదవండి: ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. జీరోడాల్-ఎస్‌పీ అయితే దానికి తోడు సెరాషియోపెప్టిడేజ్ 15. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325. కలిపిన గోలీల్లో పారాసిటమాల్ 325 దగ్గరే ఆగడానికి కారణం 2011లో కేంద్రం పెట్టిన పరిమితి. అందుకే కాంబినేషన్ గోలీలో ఆ అంకె మామూలుగా 325 మాత్రమే ఉంటుంది. ఇదే మంచి గుర్తు. స్ట్రిప్ మీద 325 కనిపిస్తే పక్కన ఇంకోటి ఉందన్నమాట, ఆ రెండోది ఏమిటో చదవాలి.

ఈ రెండో మందు ఎందుకు వద్దో తెలిస్తే మళ్లీ ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఈ జాతి గోలీలు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారవకుండా ఆపుతాయి. నొప్పి, వాపు తగ్గేది అందువల్లే. కానీ కడుపులో బిడ్డకు ఆ పదార్థంతో రెండు పనులున్నాయి. ఒకటి, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూడటం. సగం నెలలు దాటాక ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే. కిడ్నీ పని తగ్గితే ఉమ్మనీరు తగ్గుతుంది. రెండోది, గుండె దగ్గర ఊపిరితిత్తుల నాళాన్నీ బృహద్ధమనినీ కలిపే చిన్న దారిని తెరిచి ఉంచడం. అది పుట్టిన తర్వాత మూసుకోవాల్సిన దారి. కడుపులో ఉండగానే బిగుసుకుంటే గుండె కుడివైపు భారం పడుతుంది.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 అక్టోబరులో ఈ గోలీలు వాడొద్దనే గీతను 20వ వారం దగ్గరికి జరిపింది. అంతకుముందు హెచ్చరిక 30 వారాల తర్వాతకే, అదీ గుండె దారి గురించే ఉండేది. 20 వారాలు దాటాక డాక్టర్ తప్పనిసరై రాస్తే తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడాలి. 48 గంటలు మించితే స్కానింగ్‌లో ఉమ్మనీరు చూడటాన్ని ఆలోచించాలి. 30 దాటితే ఇక వద్దే వద్దు. మొదటి మూడు నెలల్లో సరేనా అంటే, అప్పుడూ నచ్చే మందు కాదు. గర్భం నిలిచే రోజుల్లో వాడితే గర్భస్రావం అవకాశం పెరుగుతుందేమోనన్న అనుమానం ఉంది, పూర్తిగా తేలలేదు. తేలేదాకా ఎందుకు వాడాలి?

ఈ 20 వారాల గీత దగ్గర మన ఊళ్లలో ఒక చిక్కుంది. వారాలను ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఇంట్లో అత్తమ్మలు చాలామంది నెల తప్పిన రోజు నుంచి లెక్క వేస్తారు. దాంతో నాలుగు వారాల తేడా వస్తుంది. "ఇంకా నాలుగే గదా" అనుకునేసరికి స్కాన్ రిపోర్టులో 20 వారాలు నిండి ఉంటాయి. సులువైన గుర్తు టిఫా స్కాన్. దాన్ని 18 నుంచి 22 వారాల మధ్య తీస్తారు. టిఫా అయిందంటే ఈ జాతి గోలీల గడువు ముగిసినట్టేనని ఇంట్లోవాళ్లందరికీ చెప్పి పెట్టండి. తల్లీబిడ్డ కార్డు మీదా, రిపోర్టు మీదా రాసి ఉన్న వారాలే షాపులో చెప్పాలి, నెలలు కాదు.

ఈ కుటుంబంలో మిగతా పేర్లు కూడా తెలిసి ఉండాలి: నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, కీటోరోలాక్, పైరాక్సికామ్. అన్నిటిదీ ఒకే తీర్పు. పంటి నొప్పికి నీళ్లలో కరిగే కీటోరోలాక్ గోలీ బాగా అమ్ముడుపోతుంది. ఆఖరి నెలల్లో అది పూర్తిగా నిషిద్ధం, బిడ్డకూ ముప్పే, కాన్పప్పుడు తల్లికి రక్తస్రావమూ పెరుగుతుంది. నిజానికి గర్భిణి పంటి నొప్పికి సరైన చోటు మెడికల్ షాపు కాదు, పంటి డాక్టర్ కుర్చీ. మత్తు సూదితో పన్ను తీయడం, రూట్ కెనాల్ చేయడం రెండూ గర్భిణికి చేయొచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఇంకా సులువు. "కాన్పయ్యాక చూద్దాం" అని గోలీల మీద నెట్టుకొస్తే చీము పడుతుంది.

డైక్లోఫెనాక్‌తో మిసోప్రోస్టాల్ కలిపిన గోలీ ఒకటుంది, కీళ్ల నొప్పులకు, కడుపులో పుండు పడకుండా ఇస్తారు. మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేసే మందు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెచ్చిన ఆ స్ట్రిప్ గర్భిణి చేతికి అందే చోట ఉండకూడదు.

సూది, జెల్, బామ్

పత్తి ఏరే కాలం, మిరప కోసే కాలం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేవాళ్లు పెరుగుతారు. ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. గోలీకి చెప్పినదంతా దీనికీ వర్తిస్తుంది. ఒక్కసారే కదా అన్న ధీమా వద్దు, ఎందుకంటే దాన్ని ఎక్కడా రాసిపెట్టరు. రేపు ఉమ్మనీరు తగ్గి వరంగల్ సీకేఎం కాన్పుల ఆస్పత్రికి వెళ్తే, అక్కడి డాక్టర్‌కు కారణం దొరకదు. ఏ సూదైనా సరే, ఖాళీ సీసా పేరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

వానాకాలం జ్వరాలతో ఇంకో ముప్పుంది. డెంగీయా, చికున్‌గున్యానా తేలకముందే కీళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వేయిస్తారు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతూ ఉంటే, ఈ మందు రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి, అంతే.

జెల్ సంగతి కాస్త నయం. వోలినీలాంటి డైక్లోఫెనాక్ జెల్ నుంచి రక్తంలోకి చేరేది గోలీతో పోలిస్తే తక్కువ, సుమారు 6 శాతం. కానీ వీపంతా, రెండు మోకాళ్లకూ, రోజుకు నాలుగుసార్లు రుద్దితే అది తక్కువేమీ కాదు. ఆఖరి మూడు నెలల్లో జెల్ కూడా మానేయండి. వింటర్‌గ్రీన్ వాసన వచ్చే నొప్పి క్రీముల్లో ఉండేది మిథైల్ శాలిసిలేట్, ఆస్పిరిన్‌కు చుట్టం. దాన్నీ ఒళ్లంతా పూసి, పైన కాపడం పెట్టకూడదు, వేడికి చర్మం ఇంకా పీల్చుకుంటుంది. నుదుటికి చిటికెడు బామ్ రాసుకోవడం వేరే సంగతి.

"టీహెచ్", "స్పాస్": తోకలు చదవండి

పేరు చివర తగిలించే ఈ అక్షరాలను షాపులో ఎవరూ విప్పి చెప్పరు. టీహెచ్ అంటే చాలాసార్లు థయోకాల్చికోసైడ్, కండరం పట్టేస్తే ఇచ్చేది. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోముల లెక్క తప్పేలా చేస్తుందన్న కారణంతో 2013లో యూరప్‌లో దీనికి గట్టి షరతులు పెట్టారు. గర్భిణులకు నిషేధం. అంతేకాదు, గర్భం రాకుండా జాగ్రత్త తీసుకోని ఆడవాళ్లకు కూడా వద్దన్నారు. అంటే పిల్లల కోసం చూస్తున్నామని చెప్పే అమ్మాయికి కూడా ఈ స్ట్రిప్ ఇవ్వకూడదు. మా వరుసలో అన్నిటికన్నా తక్కువ మార్కులు దీనికే.

మెఫ్టాల్-స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ 250, డైసైక్లోమిన్ 10 ఉంటాయి. నెలసరి నొప్పికి అలవాటైన గోలీ కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఒక స్ట్రిప్ ఉంటుంది. గర్భంలో పొత్తికడుపు పట్టేసినా చెయ్యి దాని మీదికే పోతుంది. అందులో సగం పైన చెప్పిన జాతే. పైగా, ఆ నొప్పి నెలలు నిండకముందే మొదలైన కాన్పు నొప్పి అయితే గోలీ వేసుకుని పడుకోవడం వల్ల విలువైన గంటలు పోతాయి. మెఫెనమిక్ యాసిడ్‌తో ఒళ్లంతా దద్దు, జ్వరంతో వచ్చే తీవ్రమైన రియాక్షన్ గురించి 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వేరే హెచ్చరిక కూడా ఇచ్చింది. అది గర్భిణులకే కాదు, అందరికీ.

శారిడాన్‌లో పారాసిటమాల్ 250, ప్రొపైఫెనజోన్ 150, కెఫీన్ 50. మధ్యలో ఉన్న మందు వల్ల ఫెయిల్. ఇక మైగ్రేన్‌కు వాడే వాసోగ్రెయిన్‌లాంటి గోలీల్లో ఎర్గోటమిన్ ఉంటుంది. అది రక్తనాళాలను బిగించి, గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. గర్భంలో పూర్తిగా నిషిద్ధం. మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే వాల్ప్రోయేట్, టోపిరామేట్ కూడా బిడ్డకు లోపాలు తెచ్చే మందులే. వీటిని నెల తప్పాక మార్చడం కాదు, నెల తప్పకముందే డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి. ఫిట్స్ కోసం వాడేవాళ్లు మాత్రం ఒక్క రోజు కూడా సొంతంగా ఆపొద్దు, ఫిట్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం.

ప్రెగాబలిన్: విటమిన్ గోలీ కాదు

నడుము నుంచి కాలి దాకా లాగే నొప్పికి ప్రెగాబలిన్ 75, మిథైల్‌కోబాలమిన్ 1500 కలిపిన క్యాప్సూల్ విరివిగా రాస్తారు. మిథైల్‌కోబాలమిన్ బీ12 విటమిన్ కాబట్టి ఇంట్లో దీన్ని "నరాల బలం గోలీ" అంటారు. అసలు మందు ప్రెగాబలిన్. నార్డిక్ దేశాల లెక్కల్లో, మొదటి మూడు నెలల్లో ఇది వాడిన తల్లుల పిల్లల్లో పెద్ద పుట్టుక లోపాలు 5.9 శాతం, వాడనివాళ్లలో 4.1 శాతం. 2022లో బ్రిటన్ మందుల శాఖ ఈ అంకెలతోనే హెచ్చరిక ఇచ్చింది. తేడా పెద్దది కాకపోయినా, ఒట్టి కాలు లాగుడు కోసం పెట్టుకునే ముప్పు కాదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, చెమటలు వస్తాయి. మెల్లగా తగ్గించే లెక్క డాక్టర్ రాసివ్వాలి.

ట్రమడాల్: చీటీ మీద, ఆస్పత్రిలో, కొద్ది రోజులు

అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టం కిందికి కూడా తెచ్చారు. షాపువాడు చీటీ చూసి, డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని గోలీలు ఇచ్చాడో వేరే రిజిస్టర్‌లో రాసి, ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. ఏమీ రాసుకోకుండా స్ట్రిప్ కత్తిరించి నాలుగు గోలీలు ఇచ్చాడంటే ఆ షాపు సంగతి అర్థం చేసుకోవచ్చు.

గర్భిణికి ఇది ఎప్పుడూ రాయకూడదని కాదు. కిడ్నీ రాయి కదిలి మెలితిప్పే నొప్పి వచ్చినప్పుడు, ఎముక విరిగినప్పుడు, ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు మార్ఫిన్‌కు చుట్టమైన ఈ జాతి మందులు కావాల్సిందే. అప్పుడు కూడా డైక్లోఫెనాక్ కన్నా ఇదే నయమని డాక్టర్ అనుకోవచ్చు. చిక్కంతా వారాల తరబడి వాడినప్పుడు. కడుపులో అలవాటుపడిన బిడ్డకు, పుట్టాక ఆ మందు ఒక్కసారిగా అందదు. మామూలుగా రెండు మూడు రోజుల్లో గీపెట్టి ఏడుపు, చేతులు కాళ్లు వణకడం, పాలు పట్టకపోవడం, తుమ్ములు, విరేచనాలు కనిపిస్తాయి. దీనికి వైద్యం ఉంది, కానీ తల్లి ఏం వాడిందో పిల్లల డాక్టర్‌కు తెలియాలి. సిగ్గుపడి దాస్తే బిడ్డను ఇన్‌ఫెక్షన్ అనుకుని వేరే దారిలో చూస్తారు. చాలా రోజులుగా వాడుతున్న గర్భిణి ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. డిప్రెషన్ మందులు వాడేవాళ్లు ఆ సంగతీ చెప్పాలి, కొన్నిటితో ట్రమడాల్ కలిస్తే వణుకు, జ్వరం, ఫిట్స్ దాకా వెళ్తుంది.

ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు ఏజెన్సీ గూడేల్లో సికిల్ సెల్ ఉన్న గర్భిణుల సంగతి వేరుగా చెప్పాలి. రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే వచ్చే నొప్పి డోలోతో తగ్గేది కాదు. గర్భంలో ఆ నొప్పులు ఎక్కువ కావచ్చు కూడా. ఆమెకు మార్ఫిన్ జాతి మందు ఇవ్వడం తప్పు కాదు, ఇవ్వకపోవడమే తప్పు. అయితే అది ఆక్సిజన్ చూసే పరికరం, సెలైన్, రక్తం దొరికే ఆస్పత్రిలో జరగాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డును తల్లీబిడ్డ కార్డుతో కలిపి ఒకే కవర్‌లో పెట్టండి. ఆమె హైడ్రాక్సీయూరియా వాడుతూ ఉంటే, గర్భం అనుకోగానే దాని గురించి డాక్టర్‌ను అడగాలి, మామూలుగా దాన్ని ఆపిస్తారు.

ఎకోస్ప్రిన్: దీన్ని మాత్రం ఆపొద్దు

ఎకోస్ప్రిన్ అంటే చిన్న మోతాదు ఆస్పిరిన్. "గర్భిణికి ఆస్పిరిన్ వద్దంటారు గదా" అని దాన్ని మానేసేవాళ్లు ఉంటారు. తలనొప్పికి వేసే 300 మి.గ్రా. పైచిలుకు ఆస్పిరిన్ వేరు, రాత్రిపూట వేసే 75 లేదా 150 వేరు. ఈ చిన్న మోతాదు నొప్పికి కాదు, బీపీ పెరిగి మాయకు రక్తం తగ్గే జబ్బు రాకుండా. ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్లకు, కవలలున్నవాళ్లకు, షుగర్, కిడ్నీ సమస్యలున్నవాళ్లకు 12వ వారం తర్వాత, వీలైతే 16 వారాలకు ముందే మొదలుపెడతారు. ఎప్పుడు ఆపాలో కూడా డాక్టరే చెప్తారు. 20 వారాల హెచ్చరిక దీనికి వర్తించదని ఎఫ్‌డీఏ కూడా స్పష్టంగా చెప్పింది.

షాపులో గమనించాల్సింది ఇంకోటుంది. ఎకోస్ప్రిన్ పక్కనే ఎకోస్ప్రిన్-ఏవీ ఉంటుంది. ఏవీలో కొలెస్ట్రాల్ మందు అటార్వాస్టాటిన్ కలిసి ఉంటుంది, గుండె రోగుల కోసం. గర్భిణికి అది అక్కర్లేదు. స్టాక్ లేదని "ఇదీ అదే" అంటూ ఇస్తే తీసుకోవద్దు.

ఇప్పటికే వేసుకుని ఉంటే

గర్భం అని తెలియక రెండు మూడు గోలీలు వేసుకున్నారా? దాని కోసం గర్భం తీయించుకోవాలన్న మాట ఎవరు అన్నా వినొద్దు. స్ట్రిప్ దాచి ఉంచండి, వేసుకున్న తేదీలు, ఎన్నో రాయండి, తర్వాతి చెకప్‌లో చూపండి. 20 వారాలు దాటాక రెండు రోజులకు మించి వాడి ఉంటే చెకప్ దాకా ఆగక, ఉమ్మనీటి స్కాన్ అడగండి. రిపోర్టులో ఏఎఫ్ఐ, అంటే ఉమ్మనీటి కొలత, 5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తగ్గినట్టు. మంచి వార్త ఏమిటంటే, గోలీ ఆపితే చాలామందిలో ఉమ్మనీరు మళ్లీ పెరుగుతుంది.

గోలీ అసలే వేసుకోకూడని నొప్పులు కూడా ఉన్నాయి. 20 వారాల తర్వాత తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి: వీటిని మన దగ్గర గ్యాస్ అనుకుని సోడా తాగుతారు. ముందు బీపీ చూపించాలి, 140/90 దాటితే అదే రోజు ఆస్పత్రికి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే నాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. నడుము నొప్పితో పాటు చలి జ్వరం, మూత్రంలో మంట ఉంటే కిడ్నీకి ఇన్‌ఫెక్షన్. కడుపు గట్టిగా బిగుసుకుని నొప్పి, రక్తం కనపడటం అయితే 108కే ఫోన్ చేయాలి. వీటిలో ఏదైనా పారాసిటమాల్‌తో కాసేపు తగ్గినా జబ్బు లోపల ముదురుతూనే ఉంటుంది.

ఎక్కడ కొనాలి

పీహెచ్‌సీ, పల్లె దవాఖానలో ఇచ్చే 500 పారాసిటమాల్‌కు పూర్తి మార్కులు. ఒకటే మందు, పైసా ఖర్చు లేదు, ఏఎన్‌ఎంకు మీ వారాలు తెలుసు. జన ఔషధి షాపుల్లో మందు పేరే పెద్దగా రాసి ఉంటుంది, బ్రాండ్ తోకల బాధ లేదు, అందుకే గర్భిణికి ఇవి మేలు. ప్రైవేటు మెడికల్ షాపుకైతే భర్తను పంపినా తమ్ముణ్ని పంపినా, వాళ్ల నోట్లో ఈ మాట పెట్టి పంపండి: "అన్నా, మా ఇంట్ల ఆమె కడుపుతోటి ఉంది, 24 వారాలు. ఒట్టి పారాసిటమాల్ ఇయ్యి, వేరేది కలిసింది వద్దు." ఆన్‌లైన్ యాప్‌లలో ఈ మాట చెప్పే చోటు ఉండదు, మీరే తిప్పి చదువుకోవాలి. డోలో, కాల్‌పాల్‌లాంటి పెద్ద బ్రాండ్ల మీద 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ ఉంటోంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు పేరు, బ్యాచ్, గడువు తేదీ వస్తాయి. గర్భిణికి పనికొస్తుందో లేదో అది చెప్పదు.

స్ట్రిప్ కత్తిరించి ఇస్తే పేరున్న వైపు షాపులోనే ఉండిపోతుంది. పేరు, గడువు తేదీ రెండూ ఉన్న ముక్కే అడగండి, లేదా పూర్తి స్ట్రిప్ కొనండి. డోలో 15 గోలీల స్ట్రిప్‌కు పెద్ద ఖర్చేమీ కాదు.

బాలింతకు లెక్క మారుతుంది

కాన్పయిన మర్నాటి నుంచి ఇదే జాబితా తలకిందులవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఇది చాలా ఇళ్లకు అవసరమైన సంగతి. కుట్ల నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇప్పుడు మంచి మందులు, పాలలోకి వెళ్లేది అతి స్వల్పం. తొమ్మిది నెలలు వద్దన్నది ఇప్పుడు ఆస్పత్రిలోనే ఎందుకిస్తున్నారని అత్తమ్మ గొడవపడితే, కారణం ఇదేనని చెప్పండి: బిడ్డ ఇప్పుడు బయట ఉంది, ఉమ్మనీరు లేదు, గుండె దారి మూసుకోవాల్సిన వేళ కూడా ఇదే. బీపీ, కిడ్నీ సమస్య, కడుపులో పుండు ఉన్నవాళ్లు, కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లు మాత్రం ముందు అడిగి వేసుకోవాలి.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సింది ట్రమడాల్, కోడిన్‌తో. కోడిన్ కొన్ని దగ్గు సిరప్‌లలో కూడా ఉంటుంది. కొందరి ఒంట్లో ఈ మందులు చాలా వేగంగా బలమైన రూపంలోకి మారి పాలలోకి దిగుతాయి. అందుకే 2017లో ఎఫ్‌డీఏ పాలిచ్చే తల్లులకు రెండూ వద్దంది. డిశ్చార్జి చీటీలో ట్రమడాల్ ఉంటే బదులుగా వేరేది రాయమని అడగండి. ఇప్పటికే ఒక డోస్ వేసుకుని ఉంటే బిడ్డను కనిపెట్టి చూడండి: ఎప్పటికన్నా ఎక్కువ నిద్రపోవడం, పాలకు లేవకపోవడం, ఒళ్లు వదిలేసినట్టుండటం, ఊపిరి నెమ్మదించడం. ఏది కనిపించినా ఇంకో గోలీ వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, స్ట్రిప్ కూడా వెంట తీసుకెళ్లాలి.